గృహవిజ్ఞానము: గోదావరిలో విడిచిన కాసు



క్రిందటి నెలలో మేము రైలుబండిలో రాజమహేంద్రవరమునకుఁ బోవలసివచ్చినది. కొవ్వూరు దాఁటి బండి గోదావరి వంతెన నెక్కఁగానే పెట్టెలోనివా రందఱును కిటికీల కడకుఁ జేరిరి. మా కెదురుగాఁ గూర్చున్న వృద్ధురా లొకరు కొంగుముడి విప్పి, ఐదు రూపాయల కాసును కన్నుల కద్దుకొని, కిటికీకమ్ముల సందునుండి జాఱవిడిచిరి. ప్రక్కనున్న మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, కమ్ములకు మొగ మానించి చూచి, "అమ్మమ్మా! నీ కాసు మనతోఁ గూడ వచ్చుచున్నదే!" అనెను. ఆమె నవ్వి, "వెఱ్ఱిపిల్లా! విడిచినచోటనే అది గంగమ్మ యొడిలోఁ బడును గాని, మన వెంట నెందులకు వచ్చునే?" అనిరి.

పెట్టెలోని పెద్దలందఱు నవ్విరి. పిల్ల చిన్నవోయి కూర్చుండెను. కాని నిజము చెప్పవలెనన్నచో, వారిరువురిలో సరిగాఁ జూచినది పిల్లయే. పెద్దలకుఁ దెలియకున్నను నష్టము లేని సంగతులు లోకమున ననేకములు గలవు. ఇది మాత్రము అట్టిది కాదు. ఈ చిన్న సంగతిని ఎఱుఁగకపోవుటచేతనే ప్రతిదినమును దారులలోఁ గాళ్లు విఱుగుచున్నవి, తలలు పగులుచున్నవి, తల్లుల యొడిలోని బిడ్డలు చేజాఱిపోవుచున్నారు. అందుచేత ఈ మాసమున దానినే గూర్చి మీతో ముచ్చటింప నెంచితిమి.

విషయ మిది. కదలుచున్న బండిలోని వస్తువులన్నియు బండితో సమానమైన వేగము గలవియే. అవి మనకుఁ గదలనట్లు కనఁబడుటకుఁ గారణము, మనమును అదే వేగముతోఁ బోవుచుండుటయే. ఆ వృద్ధురాలి వ్రేళ్లనడుమ నున్నపుడే కాసు బండితోఁ బాటు పరుగెత్తుచున్నది. వ్రేళ్లు వదలినంతమాత్రమున ఆ పరుగు ఎట్లు మాయమగును? వేఱొక బలము వచ్చి ఆఁపువఱకు గాని, త్రోవ మరలించువఱకు గాని, ఏ వస్తువైనను తనకున్న వేగముతోనే పోవుచుండును. శాస్త్రజ్ఞులు దీనిని జడత్వమందురు. చేయి విడిచిన క్షణమునుండి భూమి కాసును క్రిందికి లాగును. ముందుకుఁ బోవు వేగమును మాత్రము తీసివేయదు. కావున కాసు క్రిందికి దిగుచునే ముందుకును బోవును. ఒడ్డున నిలిచి చూచువారికి దాని త్రోవ వంపుతిరిగి కనఁబడును. బండిలోని పిల్లకో, తానును దానితో సమముగాఁ బోవుచున్నది గనుక, అది తన కిటికీ క్రిందనే తిన్నగా దిగుచున్నట్లు తోఁచును. ఒడ్డువారు చూచినదియు నిజమే, పిల్ల చూచినదియు నిజమే.

కొంచెము లెక్క వేసి చూతము. బండి గంటకు 54 కిలోమీటర్ల చొప్పునఁ బోవుచున్న దనుకొందము. అనఁగా సెకనుకు 15 మీటర్లు. కిటికీనుండి నీటివఱకు 11 మీటర్లున్నయెడల, కాసు నీటిని జేరుటకు ఇంచుమించు ఒకటిన్నర సెకను పట్టును. ఆలోపల నది 22 మీటర్లకుఁ బైగా ముందుకుఁ బోవును. ఒక రైలుపెట్టె పొడవును సుమా రంతియే. ఈ స్తంభముకడ విడిచిన కాసు పెట్టెడు దూరము ముందుకుఁ బోయి గాని నీటిని ముట్ట దన్నమాట.

"మేము విడిచిన పూవులు వెనుకకు ఎగిరిపోవుటను గన్నులారఁ జూచితిమే!" యని మీలోఁ గొంద ఱడుగవచ్చును. అదియు సత్యమే. పూవును బండివేగముతోనే బయలుదేఱును. కాని అది మిక్కిలి తేలిక. ఎదురుగాలి దాని పరుగును రెప్పపాటులో నాఁపివేయును. బండి ముందుకు సాగిపోవును, పూవు వెనుకఁబడును. బరువైన కాసునో, కొబ్బరికాయనో గాలి యంత సులభముగా నాఁపలేదు. పూవులను, కాగితపు ముక్కలను జూచి, అన్నియు వెనుకకే పోవునని మన మనుకొనుచున్నాము. పొరపాటంతయు నక్కడనే పుట్టుచున్నది.

నమ్మకము కలుగనివారు ఇంటిలోనే పరీక్షించి చూచుకొనవచ్చును. వసారాలో నేలపై నొక పళ్లెము నుంచుఁడు. నిమ్మకాయ నొకటి చేతఁ బట్టి, చేయి నడుముకుఁ గొంచెము పైగా నుంచి, ఎప్పటి నడకతో పళ్లెము మీఁదుగా నడచిపొండు. చేయి సరిగా పళ్లెముమీఁదికి వచ్చినపుడు నిమ్మకాయను విడువుఁడు. విసరవలదు, ఊరక విడువుఁడు. అది పళ్లెమునఁ బడదు. మూరెఁడు ముందునకుఁ బోయి పడును. పళ్లెమునఁ బడవలెనన్నచో మూరెఁడు ముందుగానే విడువవలెను. వేగముగా నడచినకొలఁది ఇంకను ముందుగా విడువవలసియుండును. పిల్లలతోఁ గలసి ఈ యాట నొక సాయంకాల మాడితిరేని, మేము వ్రాసిన పుటలన్నింటికంటె ఆ నిమ్మకాయయే చక్కఁగా బోధించును.

ఇంత చిన్న సంగతిని గూర్చి పూర్వులలో మహాపండితులు సైతము వాదులాడిరి. క్రీ. శ. 499 నాఁటి తన గ్రంథమున ఆర్యభటుఁడు, భూమి తన్నుఁ దాను చుట్టుకొనుచున్నదనియు, నావలోఁ బోవువానికి ఒడ్డుననున్నవి వెనుకకుఁ బోవునట్లే మనకు నక్షత్రములు పడమటికిఁ బోవుచున్నట్లు కనఁబడుచున్నవనియుఁ జెప్పెను. తరువాతివాఁడైన వరాహమిహిరుఁడు దీని నంగీకరింపలేదు. భూమి తిరుగుచున్నచో, గూడు విడిచి యెగిరిన పక్షులు మరల గూటికెట్లు చేరఁగలవని యాతని యాక్షేపము. ఆ వృద్ధురాలి మాటయు నిట్టిదే కదా! పక్షి కొమ్మను విడిచినను, కొమ్మకున్న వేగము పక్షిని విడువదు. రాజమహేంద్రవరము ఉన్న తావున భూమి సెకనుకు సుమారు 445 మీటర్ల వేగమునఁ దూర్పునకుఁ దిరుగుచున్నది. అయినను, పెరటిలోఁ బిల్ల యెగురవేసిన బంతి పొరుగూరఁ బడక తిరిగి పిల్లచేతనే పడుచున్నది. బంతియు, పిల్లయు, పెరడును, గాలియు నొకే వేగమునఁ బోవుచున్నవి.

పాశ్చాత్యదేశములందును ఇదే తగవు నడచినది. పోవుచున్న ఓడ స్తంభముపైనుండి రాయి విడిచినచో నది స్తంభమునకు వెనుకఁ బడునని చిరకాలము వాదించిరి. ఇటలీ దేశస్థుఁడగు గెలీలియో, 1632లోఁ బ్రకటించిన సంవాదగ్రంథమున, అట్లు కాదు, స్తంభపు మొదటనే పడునని నిరూపించెను. 1640లో పియెర్ గాసెండి యను ఫ్రెంచి పండితుఁడు మార్సేల్ రేవున నొక ఓడను వేగముగాఁ దోలించి, స్తంభముపైనుండి రాళ్లు విడిపించి చూపెను. అవి స్తంభపు మొదటనే పడినవి. వాదము నోటితోఁ దీఱక, రాతితోఁ దీఱినది.

ఇప్పటి కాలమున ఈ జ్ఞానము ఆపదలో నన్నముగాఁ గూడ మాఱుచున్నది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో ననేక వాడలు నీట మునిఁగినపుడు, హెలికాప్టర్లచేతను డ్రోనులచేతను మేడలమీఁదివారికి ఆహారపు పొట్లము లందఁజేసిరి. విమాన మొకటి 100 మీటర్ల యెత్తున, గంటకు 180 కిలోమీటర్ల వేగముతోఁ బోవుచు పొట్లమును విడిచిన దనుకొనుఁడు. గాలి యడ్డును లెక్కింపనియెడల, పొట్లము నేలఁ జేరుసరికి 225 మీటర్లు ముందుకుఁ బోవును. మన మేడకుఁ దగవలసినది మఱి యే వీథిలోని నీటనో పడును. హెలికాప్టరు, డ్రోను ఆకాశమున నొకచోటఁ గదలక నిలువఁగలవు. నిలిచిన దానినుండి విడిచిన పొట్లమునకు ముందుకుఁ బోవు వేగ ముండదు. అది క్రిందనే పడును. ఆఁకలిగొన్న బిడ్డ చేతికిఁ బొట్ల మందుటయు, అందకపోవుటయు, దానిని విడిచిన యంత్రము ఆ క్షణమున ఎంత వేగమునఁ బోవుచున్నదను దానిపై నాధారపడియున్నది.

ఇఁక మన నిత్యజీవనమునకు వత్తము. మొదటిది, కిటికీనుండి మనము పాఱవేయు వస్తువులు. 2025 సెప్టెంబరులో ముంబయి సమీపమున, సముద్రపుఁ బాయపైనున్న రైలువంతెనమీఁద నడచిపోవుచున్న యువకుఁ డొకఁడు, పోవుచున్న బండినుండి యెవరో విసరిన కొబ్బరికాయ తలకుఁ దగిలి మరణించెను. పూజాద్రవ్యములను నీటఁ గలుపుట యను భక్తిచేతనే ఆ కాయను విసరియుందురు. విసరినవారు ఎవరినిఁ జంపఁదలఁచిరి? పవిత్రమైన పని చేయుచున్నా మనియే యనుకొనియుందురు.

ఇక్కడ లెక్క నొకసారి చూడుఁడు. గంటకు 72 కిలోమీటర్ల వేగముతోఁ బోవు బండినుండి కాయను బలముగా విసరనక్కఱలేదు. ఊరక విడిచినను చాలును. ఎదుట నిలిచిన మనుష్యునికి నది 20 మీటర్ల యెత్తునుండి, అనఁగా ఆఱంతస్తుల మేడపైనుండి పడిన కాయవలె దెబ్బకొట్టును. వెనుకవైపునకు విసరినను, మన చేతిబలము బండివేగములో నించుక తగ్గింపఁగలదే కాని దానిని మాన్పలేదు. వంతెనలపైఁ బనిచేయు గ్యాంగుమనుష్యులు బండి వచ్చునపుడు ప్రక్కనున్న చిన్న అరుగుమీఁదికిఁ దొలఁగి నిలుతురు. వారికిఁ బాఱిపోవుటకుఁ దావు లేదు. మనము త్రాగి పాఱవేయు నీటిసీసా, తిని విసరు టెంకాయచిప్ప, భక్తితో విడుచు నాణెము వారికి బండివేగముతోనే తగులును. క్రింద పడవలోని జాలరికి, ఇసుక తీయు కూలికిని నిట్లే. వారును ఒక యింటి దీపములే.

రెండవది, బస్సు దిగుట. తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండియు స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో నుచితప్రయాణ మేర్పడినది. చదువునకును, కొలువునకును, ఆసుపత్రికిని స్వతంత్రముగాఁ బోవు సోదరీమణుల సంఖ్య పెరిఁగినందులకు మేము సంతసించుచున్నాము. దానితోఁ బాటు ఒత్తిడియు, మెట్లమీఁద నిలుచుటయుఁ బెరిఁగినవి. బస్సు ఆఁగకమునుపే "ఇంక మెల్లగానే పోవుచున్నది గదా" యని కాలు క్రింద పెట్టువారిని మేము తఱచుగాఁ జూచుచున్నాము.

మెల్లఁదన మన నెంత? గంటకు 18 కిలోమీటర్లు బస్సునకు మెల్లఁదనమే. కాని అది సెకనుకు 5 మీటర్లు. ఆ వేగముతోఁ గాలు దించినవారు క్రిందఁబడకుండవలెనన్నచో, నూఱు మీటర్లను ఇరువది సెకనులలో దాఁటు పరుగును నేలఁ దాఁకిన తక్షణమే యందుకొనవలెను. చీరకట్టుతో, చేత సంచితో, చంక బిడ్డతో అది సాధ్యమా? నేలఁ దాఁకిన పాదము నిలిచిపోవును. నడుము, భుజములు, తల బస్సువేగముతోనే ముందుకుఁ బోవును. కనుక మనుష్యుఁడు బస్సు పోవు దిక్కునకే త్రెళ్లును. వెనుకకుఁ దిరిగి దిగినవారి గతి యింకను దారుణము. వారు వెల్లకిలఁ బడి తలవెనుక దెబ్బ తినుదురు. ప్లాటుఫారముకడ రైలు దిగువారికిని ఇదియే న్యాయము. అక్కడ పట్టాలసందున జాఱిపోవు భయ మధికము. "ఎటు తిరిగి దిగవలెను?" అని యడుగువారికి మా సమాధాన మొక్కటే: నిలిచిన పిదప దిగుఁడు. ఒక స్టాపు దాఁటిపోయిన మరలి నడచి రావచ్చును.

మూఁడవది మిక్కిలి ముఖ్యమైనది, తల్లియొడి. లోకమునఁ దల్లియొడికి మించిన చల్లని తావు లేదని మన మందఱ మెఱుఁగుదుము. కాని పరుగెత్తు కారులో మాత్రము అది కాపు కాదు. ఈ మాట వ్రాయుటకు మాకే మనసొప్పకున్నది. అయినను వ్రాయక తప్పదు. కారు గంటకు 54 కిలోమీటర్ల వేగముతోఁ బోవుచు దేనికో తగిలి, సెకనులో పదవ వంతు కాలమున నిలిచిపోయిన దనుకొనుఁడు. కారు నిలిచినది, ఒడిలోని బిడ్డ నిలువదు. బిడ్డకు కారునుండి వచ్చిన వేగము బిడ్డకడనే యున్నది. దానిని ఆఁపవలసినవి తల్లి రెండు చేతులే. పది కిలోల బిడ్డ ఆ క్షణమున నూటయేఁబది కిలోల బరువై చేతులను లాగును. ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాలు ఆఱింటిని రెప్పపాటులో నొడిసిపట్టఁగల తల్లి యెవరు? ఇది ప్రేమలోని లోపము కాదు. కండలకు మించిన బరువు. తల్లి బెల్టు పెట్టుకొననియెడల మఱింత ఘోరము. ఆమె దేహమే వెనుకనుండి బిడ్డను నలిపివేయును. తల్లికిని బిడ్డకును ఒకే బెల్టు చుట్టుటయు నిట్టి యపాయమే.

కావున చంటిబిడ్డకుఁ దగిన పిల్లల సీటును వెనుకసీటునఁ గట్టి, అందులో బిడ్డను బంధింపవలెను. పెద్దవారును, వెనుక కూర్చున్నను, బెల్టు కట్టుకొనవలెను. 2019లో సవరింపఁబడిన మోటారు వాహనముల చట్టమును దీనినే విధించుచున్నది. పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, వారికిఁ దగిన కట్టు గాని లేనియెడల వేయి రూపాయల జరిమానా గలదు. మోటారు సైకిలుమీఁదఁ గొనిపోవు నాలుగేండ్ల లోపు పిల్లలకు నడుపువానితోఁ గట్టు పట్టీయు, శిరస్త్రాణమును నుండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లను మించరాదనియు 2022లో నియమ మేర్పఱచిరి. జరిమానా సంగతి యటుండనిండు. బిడ్డ యేడ్చుచున్నదని యొడిలోనికిఁ దీసికొనునపుడు, ఏడ్పు కొంతసేపటికిఁ దీఱు ననియు, దెబ్బ తీఱదనియు జ్ఞప్తి యుంచుకొందురు గాక.

కారులో వెనుకనున్న అరపై నుంచిన స్టీలు క్యారేజియు, నీళ్ల చెంబును, ఊరగాయ జాడీయు నిట్టివే. కారు నిలిచినపుడు అవి నిలువవు. ముందు కూర్చున్నవారి మెడలమీఁదికి వచ్చును. వానిని సీటు క్రిందనో, డిక్కీలోనో యుంచుట మేలు.

ఇన్ని మాటలకును మూల మొక్కటే. బండిని విడిచినను బండివేగము మనలను విడువదు. కాసైనను, కాయయైనను, కాలైనను, కన్నబిడ్డయైనను న్యాయ మొక్కటే. కదలుచున్నదానినుండి దేనినైనను విడుచుటకు ముందు, "ఇది ఎక్కడఁ బోయి ఆఁగును? అక్కడ ఎవరున్నారు?" అని యొక్కసారి తలఁచుకొనుట చాలును.

రాజమహేంద్రవరము స్టేషనులో బండి మెల్లగించుచుండఁగా మే మా వృద్ధురాలితో నీ సంగతి చెప్పితిమి. నవ్వుదురేమో యని సంకోచించితిమి గాని, ఆమె నవ్వలేదు. కొంతసేపు ఊరకుండి, "అమ్మా, నలువది యేండ్లనుండి వేయుచున్నాను. క్రింద పడవలో నెవరైన నుందురేమో యని యెన్నఁడును దోఁచలేదు. రేపు ఘట్టమునకు స్నానమునకుఁ బోవుదుము గదా, ఇఁకమీఁదట అక్కడనే నా చేతితో నీటిలో నుంచెదను" అనిరి. పిల్ల మొగము వికసించెను. బండి పూర్తిగా నిలుచువఱకును ఆ పిల్ల అమ్మమ్మ కొంగును గట్టిగాఁ బట్టుకొని, ద్వారముకడకుఁ గదలనీయలేదు.